వెచ్చదనానికి కొలత పెట్టిన రాగి మనిషి



మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినవారికి బట్టను చూడడం ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు. షోలాపూరులో మా పెద్దనాయన చద్దరును చేతిలోకి తీసుకుని, అంచును రెండు వేళ్ల మధ్య నలిపి, ఒకసారి వెలుతురుకు పట్టి చూసి, "ఇది పుష్యమాసం చలికి ఆగుతది" అనో, "ఇది ఆగదు" అనో తేల్చేసేవాడు. ఆయన మాట తప్పగా నేను చూడలేదు. కానీ ఎంత ఆగుతుంది అని అడిగితే చెప్పడానికి ఆయన దగ్గర అంకె లేదు. పొడవుకు గజం ఉంది, బరువుకు కిలో ఉంది, నూలు సన్నదనానికి నంబరు ఉంది. మరి వెచ్చదనానికి ఏముంది?

దానికీ ఒక కొలత ఉంది. పేరు క్లో. ఇంగ్లీషులో బట్టలు అనే మాటను సగానికి తుంచితే వచ్చిన పేరు అది. షోలాపూరులోనో, బళ్లారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో, యానాంలోనో కూర్చుని ఈ ప్రసంగం వింటున్న మీకు ఆ పేరు కొత్త కావచ్చు. కానీ మీలో ఎవరైనా ఏసీ ఉన్న ఆఫీసులో పనిచేస్తుంటే, ఎండాకాలం మధ్యాహ్నం భుజాల మీదుగా కొంగు కప్పుకుని కూర్చుంటే, ఆ కొలత మీ మీద పనిచేస్తోందన్నమాట. ఆ అంకె ఎవరి ఒంటిని చూసి పుట్టింది, మన చీర దాకా రావడానికి ఎన్నేళ్లు పట్టింది అన్నదే ఇవాళ నేను చెప్పదలచుకున్న సంగతి.

1941లో అమెరికాలో వెలువడే 'సైన్స్' పత్రికలో ముగ్గురు శాస్త్రజ్ఞులు కలిసి ఒక చిన్న వ్యాసం రాశారు. గాగ్, బర్టన్, బాజెట్ అని వారి పేర్లు. మనిషికీ అతని చుట్టూ ఉన్న గాలికీ మధ్య జరిగే వేడి మార్పిడిని డాక్టరుకూ, ఇంజనీరుకూ, మామూలు మనిషికీ కూడా అర్థమయ్యే అంకెల్లో చెప్పాలన్నది వారి కోరిక. ఒక మనిషి ఏ పనీ చేయకుండా కుర్చీలో కూర్చున్నాడు. గది 21 డిగ్రీల సెల్సియస్ ఉంది. గాలి దాదాపు కదలడం లేదు, తేమ సగానికి తక్కువే. ఆ మనిషికి చలీ లేదు, ఉక్కా లేదు. అతని ఒంటి మీద ఉన్న బట్టల వెచ్చదనం ఒక క్లో. ఆ కాలపు అమెరికా ఆఫీసరు వేసుకునే సూటు అన్నమాట. బట్టలు అసలే లేకపోతే సున్నా క్లో.

దీని వెనుక లెక్క కూడా తేలికైనదే. అంకెలు చెవికి బరువు గనుక దగ్గర కాగితం ఉంటే రాసుకోండి. కూర్చున్న మనిషి ఒంట్లో చదరపు మీటరుకు గంటకు 50 కిలోకేలరీల వేడి పుడుతుందని తీసుకున్నారు. అందులో సుమారు నాలుగో వంతు ఊపిరిలో, చర్మం మీది తడిలో ఆవిరై పోతుంది. మిగిలిన 38 బట్టల గుండానే బయటికి పోవాలి. చర్మం 33 డిగ్రీలు, గది 21 డిగ్రీలు, తేడా 12. పన్నెండును 38తో భాగిస్తే 0.32. ఒంటిని అంటిపెట్టుకుని ఉండే గాలి పొర వాటా 0.14. అది తీసేస్తే మిగిలేది 0.18. అదే ఒక క్లో. నేటి కొలమానంలో దాన్ని 0.155గా రాస్తారు. అర్థం అదే, వేడిని కిలోకేలరీల్లో కాక వాట్లలో చెప్పడం వల్ల అంకె మారింది, అంతే.

చూడండి, లెక్కలో ఎక్కడా నూలు, ఉన్ని, పట్టు అన్న మాటే రాలేదు. బట్టలో వెచ్చదనం చాలావరకు దారంలో ఉండదు, దారాల సందుల్లోనూ, బట్టకూ ఒంటికీ మధ్యనూ చిక్కుకున్న కదలని గాలిలో ఉంటుంది. అందుకే బట్టను బల్ల మీద పరిచి ఎంత కొలిచినా సగం నిజమే తెలుస్తుంది. అదే చొక్కా పొట్ట మీద అంటుకుంటుంది, నడుము దగ్గర వేలాడుతుంది, చంకల్లో ముడతలు పడుతుంది. కొలవాలంటే దాన్ని ఒక ఒంటికి తొడగాలి. మరి ఎవరి ఒంటికి?

మనుషులకే తొడిగి చూడవచ్చు, చూశారు కూడా. కానీ మనిషి రోజుకో రకంగా ఉంటాడు. నిద్ర చాలకపోతే ఒక రకం, భోంచేసి వస్తే ఒక రకం. అందుకని మనిషిలాంటి వేడి బొమ్మ కావాల్సి వచ్చింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయపు వ్యాపార విద్యాలయం నేలమాళిగలో 1927 నుంచి 1947 వరకు 'అలసట ప్రయోగశాల' అని ఒకటి నడిచింది. పేరు వింటే నవ్వొస్తుంది గానీ, మనిషి శరీరం కష్టాన్ని ఎలా ఓర్చుకుంటుందో పరిశీలించిన చోట్లలో దానికి గొప్ప పేరు. అక్కడ పనిచేసిన హార్వుడ్ బెల్డింగ్ 1940ల తొలి సంవత్సరాల్లో పొయ్యి పొగగొట్టానికి వాడే రేకుతో ఒక బొమ్మ చేశాడు. దానికి తల లేదు, చేతులు లేవు. లోపల ఒక హీటరు, వేడిని సర్దడానికి ఒక ఫ్యాను, అంతే. తరువాత జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీతో కలిసి తలా, చేతులూ ఉన్న రాగి బొమ్మ తయారైంది. రాగి ఎందుకంటే, వేడి ఒకచోట నిలవకుండా ఒళ్లంతా పాకుతుంది. ఈ రాగి మనిషి కొలతలు సైన్యంలో చేరిన యువకుల సగటు కొలతలు.

ఆ తొందర ఎందుకో యుద్ధం చెబుతుంది. 1943 మే నెలలో అలాస్కా పక్కన అట్టూ అనే దీవిని జపాను చేతుల నుంచి తిరిగి తీసుకోవడానికి అమెరికా సైన్యం దిగింది. అక్కడ ఆ సైన్యంలో 549 మంది చనిపోయారు. చలికి, తడికి కాళ్లు చచ్చుబడి, వేళ్లు కుళ్లి పనికిరాకుండా పోయినవారు దాదాపు 1200 మంది. తుపాకి గుండు తగిలినవారికంటే వీరే ఎక్కువ. వాళ్ల కాళ్లకు ఉన్న బూట్లు ఆ బురదకూ ఆ చలికీ తగినవి కావు. బూటుకు, కోటుకు, పడుకునే సంచికి అంకె కట్టి, ఏది ఎక్కడికి పంపాలో ముందే తేల్చే పని రాగి మనిషి మీద పడింది.

బొమ్మ పని చేసే తీరు మన ఇంటి కరెంటు మీటరు లాంటిదే. చల్లని గదిలో బొమ్మకు బట్టలు తొడిగి నిలబెడతారు. దాని చర్మాన్ని 34 డిగ్రీల దగ్గర నిలపడానికి ఎంత కరెంటు ఖర్చయిందో చూస్తారు. బట్ట వెచ్చనిదైతే కరెంటు తక్కువ, పలచనిదైతే ఎక్కువ. ఒక ఉదాహరణ తీసుకుందాం. బొమ్మ ఒంటి వైశాల్యం 1.8 చదరపు మీటర్లు, గది 24 డిగ్రీలు, మీటరు 100 వాట్లు చూపింది. పది డిగ్రీల తేడాను 1.8తో గుణించి వందతో భాగిస్తే 0.18. దాన్ని క్లోలోకి మారిస్తే 1.16. ఇందులో బట్టా ఉంది, బయటి గాలి పొరా ఉంది. బట్టలు లేకుండా నిలబెట్టి గాలి పొర వాటా విడిగా కొలిస్తే 0.7 వచ్చిందనుకోండి. బట్టలు తొడిగాక మనిషి కాస్త లావెక్కినట్టే గనుక ఆ వాటా 0.6కు తగ్గుతుంది. చివరికి బట్టల లెక్క 0.56 క్లో. ఇది ప్యాంటూ పొట్టి చేతుల చొక్కా వేసుకున్న మనిషి లెక్కకు దగ్గర.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఆ 1.8 చదరపు మీటర్లు ఎక్కడి నుంచి వచ్చింది? ఒంటి వైశాల్యం తప్పితే మొత్తం లెక్కే తప్పుతుంది. దీనికి 1916లో న్యూయార్కులో డ్యూబాయ్ అనే ఇద్దరు బంధువులు ఒక సూత్రం కట్టారు. ఎత్తూ బరువూ చెబితే చాలు, వైశాల్యం వస్తుంది. మనుషులకు బిగుతు లోదుస్తులు తొడిగి, వాటి మీద కాగితం అంటించి, అచ్చు ఆరాక ముక్కలుగా కత్తిరించి పరచి వైశాల్యం కట్టారు. దర్జీ చేసే పని తిరగేసినట్టన్నమాట. ఆ సూత్రానికి ఆధారమైనవారు తొమ్మిది మంది. ఆ కొద్దిమందిలోనే వేరు వేరు ఆకారాల వారుండేలా వాళ్లు చూసుకున్నారు. నూరేళ్లు దాటినా ఆస్పత్రుల్లో మందు మోతాదు కట్టడానికి కూడా ఆ సూత్రం వాడుకలో ఉందంటే వాళ్ల చేతిపనిని మెచ్చుకోవాలి. విచిత్రం ఏమిటంటే, 1916లో కాగితం అంటించినప్పుడు గుర్తొచ్చిన లావూ సన్నమూ తేడా, పాతికేళ్ల తరువాత రాగి పోసేటప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు. వచ్చినా ఒక్క బొమ్మకే బోలెడు డబ్బు అయ్యే రోజులవి. పైగా తొడగబోయేది సైనికులకే గదా అనుకుని ఉంటారు. యుద్ధానికి ఆ ఆలోచన సరిపోయింది.

కానీ యుద్ధం అయిపోయాక బొమ్మ ఆఫీసుకు వచ్చింది. 1960లలో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో వందలాది విద్యార్థులను గదుల్లో కూర్చోబెట్టి, ఏ చల్లదనం హాయిగా ఉందో అడిగి రాసుకున్నారు. డెన్మార్కు నుంచి వచ్చిన ఫాంగర్ అనే ఇంజనీరు 1296 మంది విద్యార్థుల జవాబులను ఆధారం చేసుకుని, 1970లో అచ్చయిన తన పుస్తకంలో ఒక సమీకరణం ఇచ్చాడు. గాలి వేడి, గోడల వేడి, తేమ, గాలి వేగం, మనిషి చేసే పని, మనిషి వేసుకున్న బట్టల క్లో, ఈ ఆరూ చెబితే ఎంతమంది హాయిగా ఉంటారో అది చెబుతుంది. 1984లో అది అంతర్జాతీయ ప్రమాణం అయింది. నగరాల్లో ఏసీ భవనాలు కట్టే ఇంజనీరు తెరిచే పట్టికల వెనుక ఉన్నది అదే. ఫాంగర్‌ను తప్పు పట్టను. వయసు మళ్లినవారినీ, ఆడవారినీ పరీక్షించి పెద్ద తేడా కనబడలేదని ఆయన తేల్చాడు. ఆడ బొమ్మ కూడా ఆ డెన్మార్కులోనే తయారైంది, దానికి నిల్లె అని పేరు పెట్టారు.

ఫాంగర్ సమీకరణానికి బట్టల అంకెలు కావాలి. 1985లో కాన్సాస్‌లోనే మెక్‌కలో అనే ఆమె తన సహచరులతో కలిసి, రకరకాల దుస్తులను బొమ్మకు తొడిగి పెద్ద పట్టిక తయారుచేసింది. ప్యాంటూ పొట్టి చేతుల చొక్కా 0.57. పొడుగు చేతులైతే 0.61. పైన కోటు తగిలిస్తే 0.96. మోకాళ్ల దాకా గౌను, పొట్టి చేతుల జాకెట్టు 0.54. లోదుస్తుల నుంచి స్వెట్టరు దాకా వేటి అంకె వాటికి ఉంది. ఎంతో ఓపికతో చేసిన పని అది. కానీ ఆ అంకెలతో తయారైన ప్రమాణాల పట్టికలో చీర లేదు, పంచె లేదు, సల్వారు లేదు. ఏళ్ల తరబడి మన దేశంలో భవనం కట్టే ఇంజనీరు చీర కట్టుకున్న మనిషికి ఏ అంకె వేయాలో తెలియక, ఆ పట్టికలోంచి ఏదో ఒక వరుస ఎంచుకోవాల్సి వచ్చేది.

ఏదో ఒక వరుస ఎంచుకుంటే ఏం నష్టం అంటారా? చీర సంగతి మీకే తెలుసు. నడుము కింద లోపలి లంగా, దాని మీద ఒక చుట్టు, ముందు కుచ్చిళ్లు అయిదారు పొరలు. నడుము దగ్గర ఒక జానెడు చర్మం గాలికి. ఒక భుజం మీద రెండు పొరలు, రెండో భుజం మీద జాకెట్టు ఒక్కటే. కొంగు తీసి రెండు భుజాలూ కప్పితే లెక్క మారిపోయింది, నడుముకు దోపితే మళ్లీ మారింది. కుట్టిన బట్ట ఒంటి ఆకారాన్ని ముందే ఊహించి కోసినది. కట్టుకునే బట్ట ఏ ఒంటికైనా ఆ పూటకు కుదురుకుంటుంది. లావైనా సన్నమైనా అదే ఆరు గజాలు, చుట్టు తగ్గుతుంది, కుచ్చిళ్లు తగ్గుతాయి. అంటే మనిషి ఆకారంతో పాటు ఎక్కడ ఎన్ని పొరలు అనేది కూడా మారుతుంది. చొక్కా విషయంలో మారేది ప్రధానంగా లోపలి గాలి సందు. ఆ సందు సుమారు సెంటీమీటరు దాకా పెరిగేకొద్దీ వెచ్చదనం పెరుగుతుంది. ఇంకా వదులైతే లోపలి గాలి కదలడం మొదలుపెట్టి ఆ లాభం ఆగిపోతుంది. నడిస్తే వదులు బట్ట కొలిమితిత్తిలా గాలిని లోపలికీ బయటికీ కొడుతుంది. కూర్చుంటే వీపు దగ్గరా తొడల దగ్గరా సందు నలిగిపోతుంది.

చీరకు అంకె 2015లో వచ్చింది. అందులో మనవారి చెయ్యి ఉంది. హైదరాబాదులో ఇళ్ల వేడి మీద పరిశోధన చేసిన ఇంద్రగంటి మాధవి, అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం వారితో కలిసి అక్కడి ఆడ బొమ్మకు చీరలు కట్టి కొలిచింది. ఆ బొమ్మ పేరు మోనికా. ఒళ్లు 16 భాగాలుగా ఉంటుంది, ఏ భాగానికి ఎంత వేడి కావాల్సి వచ్చిందో విడివిడిగా తెలుస్తుంది. ఒకే చీరను వేరు వేరు కట్లలో కడితే వేరు వేరు అంకెలు వస్తాయని అలా తేలింది. ఆ తరువాత సల్వారు కుర్తీ, పంచె, లుంగీ, ధోవతి కూడా ఆ వరుసలో చేరాయి. శాస్త్ర పత్రం పేరులో 'పంచె' అన్న మన మాట యథాతథంగా నిలబడడం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. అదే ఏడాది ఇంగ్లండు, స్వీడన్, హాంకాంగ్ ప్రయోగశాలలు కలిసి మన దేశం, పాకిస్తాన్, ఇండోనీషియా, నైజీరియా వంటి చోట్ల దుస్తులను సేకరించి, 52 జతల అంకెలను ప్రమాణాల కోసం అందించాయి. కాన్సాస్ పట్టికకూ దీనికీ మధ్య గడిచినవి 30 ఏళ్లు.

2015లోనే నెదర్లాండ్స్ నుంచి మరొక మాట వచ్చింది, అది ప్రపంచమంతా పత్రికలకెక్కింది. ఆఫీసు ప్రమాణాల్లో మనిషి ఒంటి వేడిని 40 ఏళ్లు, 70 కిలోల మగమనిషి లెక్కతో వేశారనీ, ఆడవారి విషయంలో అది 35 శాతం దాకా ఎక్కువ కావచ్చనీ ఇద్దరు పరిశోధకులు రాశారు. వారు స్వయంగా కొలిచింది 16 మంది యువతులనే. అంత కొద్దిమందితో అంత పెద్ద మాటా అని విమర్శించినవారున్నారు, ఆ విమర్శలో న్యాయం ఉంది. అయినా చలికి వణికే ప్రతి గుమాస్తా అమ్మాయికీ ఆ వార్తలో తన మాట వినబడింది.

మరి లావూ సన్నం మాట? అన్నిటికన్నా ఆశ్చర్యం ఇక్కడే ఉంది. 2023లో అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయం వారు కంప్యూటరులో 50 మనిషి ఆకారాలు తయారుచేశారు. అమెరికా జనంలో అతి పొట్టి నుంచి అతి పొడుగు దాకా, బక్కపలచని ఒంటి నుంచి స్థూలకాయం దాకా. ఒక్కొక్కదాని మీదికి సెకనుకు రెండు మీటర్ల వేగంతో గాలి వీచినట్టు లెక్క కట్టారు. చదరపు మీటరుకు గాలి లాక్కుపోయే వేడి డిగ్రీకి 19.9 నుంచి 23.2 వాట్ల మధ్యే ఉంది. ఎత్తు వల్ల తేడా లేనట్టే. లావు పెరిగేకొద్దీ కొంచెం తగ్గింది, అదీ 15 శాతం లోపే. గుర్తుంచుకోండి, ఇది బట్టలు లేని ఒంటి లెక్క. బొమ్మ కొలతలు సగటు సైనికుడివి అన్నది పెద్ద దోషమేనని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఈ అంకెలు చూశాక మనసు మార్చుకున్నాను. నాకు తోచింది ఏమిటంటే, బొమ్మ ఒళ్లు చేసిన అన్యాయం కొంచెం, బొమ్మ పెట్టె చేసిన అన్యాయం ఎక్కువ. ఆ పెట్టెలో సూటు ఉంది, చొక్కా ఉంది, మన బట్ట లేదు.

సూటు ఉన్నందువల్ల ఏం జరుగుతుందో జపాను వారికి అర్థమైంది. 2005 వేసవిలో అక్కడి ప్రభుత్వం 'కూల్ బిజ్' అని ఒక ఉద్యమం మొదలుపెట్టింది. కోటు విప్పండి, టై తీసేయండి, ఆఫీసును 28 డిగ్రీల దగ్గర ఉంచండి అని చెప్పింది. దాదాపు అర క్లో తీసేసి ఎన్నో డిగ్రీలు మిగుల్చుకున్నారు. మన దగ్గర 2008లో ఎండాకాలం, వానాకాలం మాధవి హైదరాబాదులో 45 ఫ్లాట్లు తిరిగి, ఇళ్లలో ఉన్నవారిని అడిగి వేల సార్లు కొలతలు తీసుకుంది. అక్కడి జనానికి హాయిగా అనిపించిన వేడి 29.2 డిగ్రీలు. 26 నుంచి 32 పైచిలుకు దాకా సర్దుకుంటున్నారు. అప్పటి జాతీయ భవన నియమావళి చెప్పింది 23 నుంచి 26. ఏసీ లేని రోజుల్లో ఫ్యాను కింద, నూలు చీరలో, లుంగీలో బతికినవారి లెక్కకూ, సూటు వేసుకున్న వాడి లెక్కకూ అంత ఎడం. 2016లో ఆ నియమావళి కొత్తగా వచ్చినప్పుడు మన దేశపు భవనాల్లో తీసిన కొలతలకు చోటు దొరికింది. 2020 జనవరి 1 నుంచి స్టారు గుర్తు ఉన్న ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలుకావాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. అంతకుముందు 18, 20 దగ్గర పెట్టి దుప్పటి కప్పుకునే ఇళ్లు మీకూ తెలిసే ఉంటాయి.

ఇప్పటి బొమ్మలు చాలా దూరం వచ్చాయి. హాంకాంగ్‌లో వాల్టర్ అనే బొమ్మ ఉంది, దాని చర్మం లోహం కాదు, బట్టే. లోపల నీళ్లు తిరుగుతాయి, ఆవిరి బయటికి వస్తుంది. అరిజోనాలో ఆండీ అనే బొమ్మ ఉంది. ఒళ్లు 35 భాగాలు, చెమట పోస్తుంది, ఫీనిక్స్ నగరపు ఎండలో రోడ్డు మీదికి తీసుకుపోవచ్చు. రాగి మనిషి పుట్టింది చలి నుంచి సైనికుణ్ణి కాపాడడానికి. ఆండీ చేతిలో పెట్టిన ప్రశ్న తిరగబడింది, నడి ఎండలో పనిచేసే మనిషి ఎంతసేపు తట్టుకుంటాడు అని. ఆ ప్రశ్న ఫీనిక్స్‌ది మాత్రమే కాదని మే నెలలో షోలాపూరు మిల్లు షెడ్డులోకి అడుగుపెట్టినవారికి చెప్పనక్కరలేదు.

ఒక్కటి మాత్రం ఏ బొమ్మా ఇంకా నేర్చుకోలేదు. తొడిగింది తొడిగినట్టు నిలబడుతుంది. గాలి మారగానే కొంగు చెవుల మీదికి లాక్కోవడం, ఉక్క పోయగానే పంచెను మోకాళ్ల పైకి మడిచి కట్టుకోవడం దానికి రాదు. మోనికా ఒంటి మీద కట్టు మారాలన్నా ప్రతిసారీ ఎవరో ఒకరు గది తలుపు తీసుకుని లోపలికి వెళ్లి, కుచ్చిళ్లు విప్పి, మళ్లీ పెట్టాల్సిందే.